ఊరు మారినా ఆగని మాత్ర

ఆ రోజు ఆమె సబ్ సెంటరుకు వచ్చి, బల్ల మీద కూర్చుని, కుడి చేతిని ఎడమ చేత్తో ఎత్తి ఒళ్ళో పెట్టుకుంది. నేను టీకాల రిజిస్టరు రాసుకుంటున్నాను. తల ఎత్తి పలకరించబోయి ఆగిపోయాను. మూతి కొంచెం ఒక పక్కకు లాగి ఉంది. మాట మాత్రం తెలుస్తోంది.

"ఎప్పుడొచ్చినావు పాపా, రాయదుర్గం నుంచి?"

"నిన్న వచ్చినానక్కా. ఇంగ పోను. చెయ్యి ఆడల్లేదు."

ఆమెది మా ఊరే. రాప్తాడు నుంచి లోపలికి వెళ్ళే మట్టిరోడ్డు చివర మా ఊరు. నేను అక్కడ ఏఎన్ఎంగా ఎన్నో ఏళ్ళు పనిచేశాను. నా సర్వీసు మొదట్లో కాన్పులు, టీకాలు, జ్వరాలే పని. పోనుపోను బీపీ, షుగరు వాళ్ళు ఎక్కువయ్యారు. ఆమెకు నలభై దాటీ దాటకముందే బీపీ బయటపడింది. నెలకోసారి నా దగ్గరకు వచ్చి చూపించుకుని మాత్రలు తీసుకెళ్ళేది. ఒక్క నెల కూడా తప్పేది కాదు. తర్వాత వరుసగా రెండేళ్ళు వేరుశెనగ చేతికి రాలేదు. బోరు కూడా ఎండింది. అప్పుడు రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుట్టే యూనిట్లో పని దొరికిందని మొగుడితో కలిసి వెళ్ళిపోయింది. వెళ్ళే ముందు రెండు నెలల మాత్రలు ఇచ్చి, "అయిపోతానే అక్కడి ఆస్పత్రిలో చూపించుకో" అని చెప్పాను. సరేనని తల ఊపింది.

"ఆడ ఆస్పత్రికి పోలేదా?" అని అడిగాను.

"పోవల్ల పోవల్ల అనుకుంటానే వచ్చినానక్కా. పొద్దున్నే మిషను మీద కూర్చుంటే దీపాలు పెట్టే ఏళకు లేస్తాం. ఆస్పత్రి తెరిసేది, మేము కుట్టేది ఒకటే టయిము. ఒళ్ళు కూడా బాగానే ఉన్న్యట్లు ఉండె. దానికితోడు ఆడ నన్నెవురికి తెలుసు? నాకేం ఉండాదో, ఏం మాత్ర మింగుతాండానో చెప్పనీకి ఒక కాగితం లేదు. నా సంగతంతా నీ పుస్తకంలోనే ఉండాది కదా."

ఒకరోజు ప్యాంటుకు బెల్టు అతుకుతుంటే చెయ్యి మిషను మీది నుంచి జారి కింద పడిందట. పక్కన కుట్టేవాళ్ళు ఆటోలో వేసుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళారు. బీపీ పెరిగి పక్షవాతం వచ్చిందన్నారు, ప్రాణానికి మాత్రం ఏమీ కాలేదు.

నీ పుస్తకంలోనే ఉంది కదా అన్న మాట ఆమె నన్ను నొప్పించాలని అనలేదు. అయినా నాకు తగిలింది. ఆమె ముందే బీపీ రిజిస్టరు తీసి ఆమె వరుస చూశాను. మొదట ఏడాదిన్నర పాటు గళ్ళ నిండా అంకెలున్నాయి. ఆ తర్వాత ప్రతి గడిలోనూ నా చేతిరాతతో ఒకే మాట: "వలస". నెల నెలా ఆ మాట రాసి, గడి ఖాళీగా లేదు కదా అని పేజీ తిప్పేసిన రోజులు గుర్తొచ్చాయి. నా పుస్తకం లెక్కకు సరిగ్గా ఉంది. మనిషి మాత్రం చెయ్యి పోగొట్టుకుని వచ్చింది.

మరుసటి రోజు ఆ రిజిస్టరు చంకలో పెట్టుకుని పీహెచ్‌సీకి వెళ్ళాను. అక్కడి డాక్టరమ్మ వయసులో నాకంటే బాగా చిన్నది. వచ్చి రెండేళ్ళు కూడా కాలేదు. గబగబా మాట్లాడేది గానీ, మనం చెప్పేది చివరిదాకా వినేది. ముందు ఆ ఆడమనిషిని అనంతపురం పంపి చేతికి వ్యాయామం నేర్పించే ఏర్పాటు చేసింది. తర్వాత నా రిజిస్టరు పేజీలు ఒక్కొక్కటే తిప్పింది. "వలస" అన్న మాట ఉన్న ప్రతి చోటా పెన్సిలుతో చిన్న చుక్క పెట్టుకుంటూ పోయింది. చాలా చుక్కలు పడ్డాయి.

"వీళ్ళంతా ఎక్కడికి వెళ్ళారో మీకు తెలుసా?"

"తెలుసు మేడమ్. సగం మంది రాయదుర్గం, కొందరు బెంగుళూరు, కొందరు తాడిపత్రి బండల పనికి."

"అక్కడ పనిచేసే ఏఎన్ఎంలు ఎవరైనా తెలుసా?"

"రాయదుర్గం పక్క నాతోపాటు ట్రైనింగు చేసినామె ఒకామె ఉండాది."

"అయితే ఆమెకు ఫోను చెయ్యండి. ఇప్పుడే."

ట్రైనింగులో మేమిద్దరం ఒకే గదిలో ఉన్నాం. ఉద్యోగాల్లో పడ్డాక పెళ్ళిళ్ళలో కలవడమే తప్ప మాట్లాడుకున్నది లేదు. నేను సంగతంతా చెప్పాను. ఆమె ఒక్కసారిగా అందుకుంది.

"నీకు ఒక్కతే కనపడింది. నాకు దినామూ కనపడతారు. మీ మండలాల వాళ్ళు నా కాడికి వస్తారు, ఎర్ర మాత్ర మింగుతాంటినమ్మా అంటారు. ఏం ఎర్ర మాత్రని తెలుసుకునేది? మా వాళ్ళు ఇంగో ఊరికి పోతారు, ఆడ వాళ్ళకీ ఇదే తంటా. ఎవురితో చెప్పుకునేది? మన పక్క మండలం నర్సు పేరు కూడా మనకు తెలీదు."

ఆ మాట నిజం. పై అధికారులు మాకు తెలుసు. కింద ఆశా కార్యకర్తలు తెలుసు. మా పక్కన మాలాంటి పనే చేసేవాళ్ళు ఎవరో మాకు తెలియదు. నెలకోసారైనా మండలాల నర్సులం ఒకచోట కూర్చుందాం అన్న ఆలోచన ఆ ఫోనులోనే పుట్టింది. ముందు అన్నది ఆమేనో నేనో ఇప్పటికీ తేలలేదు. నేనే అన్నానని ఆమె అంటుంది, ఆమే అన్నదని నేనంటాను.

ఎక్కడ కూర్చోవాలన్నది మొదటి చిక్కు. మా ఆయన బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. సాయంత్రం నేను మండలాల పేర్లు కాగితం మీద రాసుకుంటుంటే పక్కన కూర్చుని చూశాడు.

"యాడ పెట్టుకుంటారు మీటింగు?"

"కలెక్టరాఫీసు పక్కన ఏదైనా హాలు అడుగుదామనుకుంటాండాం."

"ఎవురూ రారు. బస్టాండులో దిగి మల్ల ఆటో ఎక్కల్లంటే, సెలవు దినం పూట ఇల్లు ఇడిసిపెట్టి ఎవురొస్తారు? ఒక్క బస్సుతో అయ్యేట్లు చూసుకోండి. ఒక నెల ఈ పక్క, ఒక నెల ఆ పక్క పెట్టుకుంటే ఇద్దరికీ సమానంగా ఉంటాది."

ఆయన ఆ కాగితం తీసుకుని ప్రతి మండలం పేరు పక్కన పొద్దున ఏ బస్సు, సాయంత్రం తిరిగి రావడానికి ఏ బస్సు అన్నది రాసిచ్చాడు. మా సంఘానికి మొట్టమొదటి పత్రం అదే. ఆ తర్వాత నియమావళి, తీర్మానాలు ఎన్నో రాసుకున్నాం. కానీ ఆ బస్సుల కాగితమంత పనికొచ్చింది ఇంకొకటి లేదు.

మా వైపు స్థలం ఇచ్చింది మా ఊరి మాజీ సర్పంచి. రాప్తాడు రోడ్డు మీద ఆయనకు వేరుశెనగ కాయలు ఒలిచే మిల్లు ఉంది. పంట తగ్గాక మిల్లు ఆగిపోయింది. పైన పొడుగాటి గది ఒకటి ఖాళీగా ఉండేది. అడిగితే, "ఊరికే మూసిపెట్టిందే కదా, కసువు ఊడ్చుకుని కూర్చోండి" అన్నాడు. రాయదుర్గంలో దారాలు, గుండీలు అమ్మే ఒక శెట్టిగారు తన అంగడి మేడ మీది గది ఇచ్చాడు. అది మా స్నేహితురాలు మాట్లాడి పెట్టింది.

మిల్లులో జరిగిన మొదటి సమావేశానికి ఏడుగురు వచ్చారు. డాక్టరమ్మ ఒక మూల కూర్చుంది, ఇది మీ సమావేశం, నేను వినడానికి వచ్చాను అంది. మధ్యాహ్నం దాకా మేము మాట్లాడింది ఒకటే విషయం: ఎన్ని పుస్తకాలు రాయాలి, ఫోనులో ఎన్నిసార్లు ఎక్కించాలి, సిగ్నలు లేకపోతే మేడ ఎక్కి ఎట్లా నిలబడాలి. అందరికీ చెప్పుకోవాల్సింది చాలా ఉంది. చెప్పుకుంటుంటే తేలిగ్గానే ఉంది. కానీ వచ్చిన పని ఒక్క అడుగు కదలలేదు. వీళ్ళు మళ్ళీ నెల రారు అనుకున్నాను.

చెయ్యి పడిపోయిన ఆ ఆడమనిషిని కూడా నేనే రమ్మన్నాను. ఆమె గోడవారగా కూర్చుని, డాక్టరమ్మ చెప్పిన ప్రకారం రబ్బరు బంతిని కుడి చేత్తో నొక్కుతూ వింటోంది. డాక్టరమ్మ ఆమె వైపు తిరిగి, "మీరు ఏమంటారు?" అని అడిగింది.

"నేనేం అంటాను మేడమ్. వీళ్ళంతా సదువుకున్నోళ్ళు."

"మీకు జరిగింది కదా. మీరే చెప్పాలి."

ఆమె బంతి కింద పెట్టింది. "మీరందురూ పుస్తకాలు రాస్తాండారు. మీ పుస్తకాలు మీ కాడ పెట్టుకోండి, నేనొద్దనను. నాకు ఒక కాగితం ఇయ్యండి. నా బీపీ ఎంత ఉన్న్యాది, నేను ఏం మింగుతాండాను, అంతే. నేను యాడికి పోతే అది ఆడికి వస్తాది. మీలో ఎవురు చూసినా తెలిసేట్లు రాయండి. ఇంగేం వద్దు."

మా రాయదుర్గం స్నేహితురాలు సంచీలో నుంచి తెల్లకాగితం తీసి నేల మీద పరిచి, గళ్ళు గీయడం మొదలుపెట్టింది. మిగిలినవాళ్ళం చుట్టూ చేరాం. సాయంత్రం బస్సుల దాకా ఆ ఒక్క కాగితం మీదే మాట్లాడుకున్నాం. రక్తపోటు అని రాయాలా, బీపీ అనే రాయాలా అని అరగంట వాదన. "రక్తపోటు అంటే మా అత్త భయపడి ఏడుస్తాది, బీపీ అంటే నవ్వుతా వస్తాది" అని ఒకామె అనేసరికి బీపీ గెలిచింది. చదవడం రానివాళ్ళ కోసం పొద్దుటి మాత్రకు సూర్యుడి బొమ్మ, రాత్రి మాత్రకు చంద్రుడి బొమ్మ వేశాం. దూరం నుంచే కనిపించాలని పసుపు రంగు అట్ట పెట్టుకున్నాం.

కార్డు ఉంటే చాలదు, కార్డు చూసి మాత్ర ఇచ్చే వీలుండాలి. ఒక మండలానికి వచ్చే మాత్రలు ఆ మండలం వాళ్ళ లెక్క ప్రకారం వస్తాయి. డాక్టరమ్మ నన్ను వెంటబెట్టుకుని జిల్లా అధికారి దగ్గరకు వెళ్ళింది. ఆయన కార్డు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"బయటి మండలం వాళ్ళకు ఇచ్చేస్తే మీ వాళ్ళకు తక్కువ పడవా?"

డాక్టరమ్మ నా వైపు చూసింది. నేనే చెప్పాలని ఆమె ఉద్దేశం. అంత పెద్ద అధికారి ముందు నేను ఎప్పుడూ నోరు తెరవలేదు. అయినా చెప్పాను. "సార్, మా ఊరి వాళ్ళు ఊళ్ళో లేని నెలల్లో వాళ్ళ మాత్రలు నా బీరువాలోనే మిగిలిపోతాండాయి. ఆడ తక్కువ పడతాండాయి. మనిషి యాడుంటే మాత్ర ఆడ ఉండల్ల. అంతే సార్ మేం అడిగేది."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "మూడు నెలలు చేసి చూపించండి. మిగిలినవి, తగ్గినవి నాకు చెప్పండి" అని కాగితం రాసిచ్చాడు. బయటికి వచ్చాక డాక్టరమ్మ నాకు చెరకురసం ఇప్పించింది. అంత తియ్యటి చెరకురసం నేను మళ్ళీ తాగలేదు.

మూడో సమావేశానికి మాజీ సర్పంచి మిల్లు మెట్లెక్కి పైకి వచ్చాడు. అప్పటికి మేము ఇరవై మందిదాకా అయ్యాం. ఆయన కుర్చీ లాక్కుని మా మధ్య కూర్చున్నాడు.

"ఏమమ్మా నర్సమ్మా, సంఘం రిజిస్టరు చేస్తాండారంట. అధ్యక్షుడు ఎవురు?"

"ఇంకా అనుకోలేదన్నా."

"అనుకునేదేముండాది? మిల్లు నాది. ఊర్లలో నాలుగు మాటలు చెప్పల్లన్నా, ఆఫీసుల్లో పని కావల్లన్నా నేనే ఉండల్ల. నా పేరు రాయండి. కార్డు మీద చిన్నది ఒక ఫోటో వేస్తే మీకూ గౌరవం."

అందరూ నా వైపు చూశారు. ఆయన చెడ్డవాడు కాదు. అడగగానే గది ఇచ్చిన మనిషి. వద్దంటే మెట్లు దిగిపొమ్మంటాడేమో. సరేనంటే వచ్చే ఎన్నికల్లో ఆయనకు గిట్టనివాళ్ళు మా కార్డు ముట్టుకోరు. నాకు తోచిందే చెప్పాను.

"అన్నా, ఈ పొద్దు మాతో కూర్చోండి. మేం మాట్లాడుకునేదంతా వినండి. సాయంత్రం మీరే చెప్పండి, ఎవురుంటే బాగుంటాదో."

ఆయన మీసం దువ్వుకుని కూర్చున్నాడు. ఆ రోజు మేము పెట్టుకున్న పని అందరూ ఒకే తీరున బీపీ చూడడం నేర్చుకోవడం. ఒకరు చూసిన అంకెకు, ఇంకొకరు చూసిన అంకెకు పొంతన లేకపోతే కార్డు ఉండి ఏం లాభం? వచ్చినవాళ్ళను ఐదు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టాలి. వీపు ఆనించాలి. కాళ్ళు నేలకు ఆనాలి. చెయ్యి గుండె ఎత్తున బల్ల మీద ఉండాలి. చీర కొంగు మీద, చొక్కా మీద పట్టీ చుట్టకూడదు. మాట్లాడించకూడదు. మాట్లాడించకూడదా అని ఒకామె ఆశ్చర్యపోయింది. ఆమె ఇరవై ఏళ్ళుగా సంసారం సంగతులన్నీ అడుగుతూనే బీపీ చూస్తోందట. దాని మీద గంటసేపు చర్చ. ఒకరి చెయ్యి ఒకరం చూసుకుంటూ, అంకెలు పోల్చుకుంటూ మధ్యాహ్నం గడిచిపోయింది. సర్పంచి ఒకసారి కునుకు తీశాడు, లేచాడు, మళ్ళీ తీశాడు.

టీ తాగేటప్పుడు ఆయన లేచి పంచె సర్దుకున్నాడు.

"పొద్దుటి నుంచి కూర్చున్న్యా. రాజకీయం ఒక్క ముక్క ల్యాకపాయె. చెయ్యి యాడ పెట్టల్ల, కాలు యాడ పెట్టల్ల, ఇదే కదమ్మా మీ మాట. దీంట్లో నాకేం పని? మీరే చేసుకోండి." జేబులోంచి మిల్లు తాళం తీసి నా చేతిలో పెట్టాడు. "ఇది నీ కాడనే ఉండనీ. ఊరికూరికే నన్ను అడగొద్దు." మెట్ల దగ్గర ఆగి వెనక్కి వచ్చి, చొక్కా చెయ్యి పైకి మడిచి కుర్చీలో వీపు ఆనించి కూర్చున్నాడు. "ఎట్లాగూ వచ్చినా. నాది కూడా చూడండి. నేను మాట్లాడనులే."

మా స్నేహితురాలు అధ్యక్షురాలయింది. నన్ను కార్యదర్శిని చేశారు. డాక్టరమ్మ ఏ పదవీ తీసుకోలేదు. తనకు బదిలీ అయిన రోజున సంఘం ఆగిపోకూడదంది.

రిజిస్ట్రేషనుకు సభ్యుల పేర్లు రాసేటప్పుడు ఒక చిన్న తగవు వచ్చింది. చెయ్యి పడిపోయిన ఆమె పేరు నేను రాశాను. మాలో పెద్దామె, సూపర్వైజరుగా చేస్తున్నావిడ, అడ్డు చెప్పింది.

"ఆమె స్టాఫ్ కాదు కదా. నర్సుల సంఘంలో పేషెంటు ఏమిటికి? రేపు అందురూ మమ్మల్నీ చేర్చండి అంటారు."

"చేరితే చేరనీలే అక్కా," అన్నాను. "కార్డు మాట చెప్పింది మనం కాదు కదా, ఆమె. మనం ఏడుగురం పొద్దుటినుంచి మాట్లాడినా మనకు తోచల్లేదు."

పెద్దామె కోపంగానే ఉంది గానీ చేతులెత్తమన్నప్పుడు చెయ్యి ఎత్తింది. ఎందుకు ఎత్తావని తర్వాత అడిగితే, "అందురూ ఎత్తినాక నేనొక్కదాన్నే దించుకుంటే బాగుంటాదా" అంది. ఆ తర్వాత రాయదుర్గంలో ఆ పెద్దామే, చెయ్యి పడిపోయిన ఆమే జంటగా తిరిగేవాళ్ళు.

రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు పెట్టే రోజు నాకు బాగా గుర్తుంది. గుమాస్తా ఒక్కొక్కరి పేరూ పిలిచాడు. ఆమె వంతు వచ్చేసరికి కుడి చేతిని చూసి సిరా పెట్టె జరిపాడు.

"వేలిముద్ర వెయ్యమ్మా, చాలు."

"రాస్తాను సార్. కొంచేపు పడతాది."

ఆమె ఐదో తరగతి దాకా చదివింది. కుడి చేత్తో రాసే పేరును ఎడమ చేత్తో రాయడం రెండు నెలలుగా ఇంట్లో నేర్చుకుంటోంది. మాకెవరికీ చెప్పలేదు. పెన్ను పట్టుకుని ఒక్కొక్క అక్షరమే పెట్టింది. వెనక వరుసలో నిలబడినవాళ్ళు తొందరపడ్డారు. గుమాస్తా వాళ్ళ వైపు చూసి, "ఉండండప్పా, ఆమె రాస్తాంది కదా" అన్నాడు. అక్షరాలు కొంచెం వాలినా పేరు పూర్తిగా వచ్చింది. ఆమె దాన్ని కాసేపు చూసుకుని పెన్ను వెనక్కి ఇచ్చింది.

రాయదుర్గంలో శెట్టిగారి మేడ మీద, కుట్టు యూనిట్లకు సెలవున్న రోజున బీపీ, షుగరు చూడడం మొదలుపెట్టాం. మొదటి వారం ముగ్గురే వచ్చారు. కరపత్రాలు వేద్దామా అని మేము ఆలోచిస్తుంటే ఆమె, "కాగితాలు ఎవురు సదువుతారక్కా, నేను పోయొస్తా" అంది. తాను పనిచేసిన యూనిట్లోకే ముందు వెళ్ళింది. మిషన్ల చప్పుడులో ఎవరికీ మాట వినిపించదు. ఆమె ఒక్కొక్క మిషను పక్కన నిలబడి, తన కుడి చెయ్యి చూపించి, పసుపు కార్డు చూపించి, మేడ వైపు వేలు పెట్టి చూపించేది. ఆమె ఒకప్పుడు ఎంత వేగంగా బెల్టులు అతికేదో వాళ్ళందరికీ తెలుసు. ఎక్కువ చెప్పాల్సిన అవసరం లేకపోయింది.

నెల తిరిగేసరికి మేడ మెట్ల మీద వరుస అంగడి లోపలికి వచ్చింది. శెట్టిగారు పైకి వచ్చి, "అమ్మా, మీ వాళ్ళ వరుసలో మా గిరాకీ వాళ్ళు నిలబడి షుగరు చూపించుకుంటున్నారు, దారం కొనేవాళ్ళే లేరు" అన్నాడు. కోప్పడుతున్నాడేమో అనుకున్నాం. వెనకనే ఆయన భార్య కూడా చేతిలో తన పాత మందుల చీటీలు పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. ఆయన పక్కకు తప్పుకుని ఆమెకు దారి ఇచ్చాడు.

మూడు నెలల లెక్క చూశాక జిల్లా అధికారి ఆ పద్ధతినే సాగించమన్నాడు. అన్నీ అనుకున్నట్టే జరిగాయని మాత్రం చెప్పను. కొందరు కార్డు పోగొట్టుకున్నారు. ఒకామె బియ్యం డబ్బాలో దాచి మరచిపోయింది. బెంగుళూరు వెళ్ళినవాళ్ళను మేము అందుకోలేకపోయాం, అక్కడ మాకు తెలిసిన నర్సు లేదు. ఆ లోటు ఇప్పటికీ ఉంది.

కానీ ఒక రోజు సంగతి చెప్పాలి. వేరుశెనగ కాయలు పీకే రోజులు. రాయదుర్గం పక్కనుంచి కూలికి వచ్చిన ఒక పెద్దాయన నా సబ్ సెంటరుకు వచ్చాడు. నేను ఎప్పుడూ చూడని మనిషి. మాటలో కన్నడం కలుస్తోంది. రుమాలు విప్పి, అందులో మడిచిపెట్టిన పసుపు కార్డు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఈడ కూడా ఇస్తారంట కదమ్మా. ఆ నర్సమ్మ చెప్పినాది."

కార్డు తెరిచాను. గళ్ళల్లో మా స్నేహితురాలి చేతిరాత. ట్రైనింగు హాస్టల్లో నా నోట్సులు కూడా ఆమే రాసిపెట్టేది; ఆ గుండ్రటి అక్షరాలు ఎక్కడున్నా నేను గుర్తుపడతాను. ఏ మాత్ర, ఎంత, ఎప్పుడు, అన్నీ ఉన్నాయి. ఆయన్ను ఐదు నిమిషాలు కూర్చోబెట్టి బీపీ చూశాను. అదుపులో ఉంది. ఆమె రాసిన గడి కింద గడిలో నేను రాశాను. నెలకు సరిపడా మాత్రలు ఇచ్చాను. ఆయన కార్డును మళ్ళీ రుమాలులో చుట్టుకుని వెళ్ళిపోయాడు. అంతా కలిపి పావుగంట పని. ఆయన వెళ్ళాక తలుపు దగ్గరకు వచ్చి, పొలం గట్టు మీద నడిచిపోతుంటే చూస్తూ నిలబడ్డాను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నాకు మెచ్చుకోలు కాగితాలు కూడా వచ్చాయి. వాటిలో ఏదీ ఆ పావుగంటంత సంతోషం ఇవ్వలేదు.

డాక్టరమ్మకు తాను అనుకున్నట్టే బదిలీ అయింది. సంఘం ఆగలేదు. నేనూ రిటైరయ్యాను. నా చోట ఇంకొకామె కార్యదర్శి అయింది. చెయ్యి బాగుపడుతూ వచ్చిన ఆమె ఇప్పుడు కుడి చేత్తో ముద్ద కలుపుకోగలదు, మిషను మీద మాత్రం కూర్చోలేదు. రాయదుర్గంలోనే ఇల్లు తీసుకుని యూనిట్లన్నీ తిరుగుతుంది. ఆమెను అక్కడ అందరూ కార్డమ్మ అంటారు.

పోయిన ఏడాది తాడిపత్రి వైపు నర్సులు ఫోను చేశారు. మీలాగే మేమూ సంఘం పెట్టుకున్నాం, మొదలుపెట్టే రోజున వచ్చి నాలుగు మాటలు చెప్పండి అన్నారు. మా ఆయన బస్సు టయిము చెప్పాడు. ఎందుకైనా మంచిదని మా పసుపు కార్డులు ఒక కట్ట సంచీలో పెట్టుకుని బయలుదేరాను.

వాళ్ళు నాకు బొరుగులతో చేసిన ఉగ్గాని పెట్టి, టీ ఇచ్చి, తమ పద్ధతి చూపించారు. వాళ్ళ దగ్గర కార్డు లేదు. అరచేతిలో పట్టే చిన్న పుస్తకం, పైన మందపాటి ప్లాస్టిక్ తొడుగు. సూర్యుడు, చంద్రుడు లేరు. బీపీతోపాటు దగ్గుకూ ఆయాసానికీ వేరే పేజీలున్నాయి.

"మా కార్డు నచ్చల్లేదా?" అని అడిగేశాను. అడిగాక, అలా అడగకుండా ఉండాల్సింది అనిపించింది.

వాళ్ళలో చురుగ్గా ఉన్న ఒక నర్సు జవాబు చెప్పింది. "నచ్చకపోవడం కాదక్కా. బండలు కోసే కాడ పొద్దంతా నీళ్ళు, బురద. మా వాళ్ళ జేబులు తడవని దినం లేదు. మీ అట్ట రెండు దినాలకే నానిపాయె. ఇంగ మా వాళ్ళకు బీపీ కంటే ముందు ఊపిరి. ఆ దుమ్ము పీల్చినోళ్ళకు దగ్గు ఎన్ని దినాలుగా ఉండాదో రాసుకోకపోతే ఎట్లా? బొమ్మలు ఏమిటికి తీసేసినామంటే, రాత్రి షిఫ్టు వాళ్ళు పగలు పడుకుంటారు. సూర్యుడి బొమ్మ చూసి పడుకునే ముందు మింగాల్నా, లేసినాక మింగాల్నా అని అడిగినారు."

నేను ఆ పుస్తకాన్ని తిప్పి తిప్పి చూశాను. కాసేపు మనసు చిన్నబోయిన మాట నిజం. మిల్లులో నేల మీద కూర్చుని గీసిన గళ్ళు కదా అనుకున్నాను. కానీ ఆమె చెప్పిన ఒక్కొక్క మాటా అక్కడి మనుషులను చూసి, అడిగి, తెలుసుకుని చెప్పిన మాట. మేము తాడిపత్రిలో ఉండి ఉంటే మేమూ ఇదే చేసేవాళ్ళం. సంచీలోని కార్డుల కట్ట బయటికి తియ్యలేదు. చెప్పాలనుకున్న నాలుగు మాటలు కూడా రెండు చేసుకున్నాను: మీ వాళ్ళను మీరే అడగండి, నెల నెలా కలవడం మానకండి.

సభ అయ్యేసరికి బయట బండల పాలిష్ యూనిట్ల నుంచి జనం వచ్చి నిలబడ్డారు. ఆడవాళ్ళు, మగవాళ్ళు, చెప్పుల మీద, పాదాల మీద తెల్లటి బురద ఆరిపోయి ఉంది. సంఘం వాళ్ళు అనుకున్నదానికంటే ఎక్కువమంది. నర్సులు బల్లలు సర్దుతూ కంగారు పడుతున్నారు. ఇందాక మాట్లాడిన ఆమె నా దగ్గరకు వచ్చింది.

"అక్కా, ఒక బీపీ మిషను ఎక్కువుండాది, చూసేవాళ్ళు లేరు. నువ్వు ఒక బల్ల పట్టుకుంటావా? మీ బస్సుకు టయిము ఉండాదా?"

"బస్సులకేం, ఇంగా శానా ఉండాయిలే," అని చెప్పి కుర్చీ లాక్కుని కూర్చున్నాను. మొదటి మనిషి వచ్చి ఎదురుగా కూర్చుని, ఊరు పేరు, పని చెప్పడం మొదలుపెట్టాడు. "ఐదు నిమిషాలు ఏమీ మాట్లాడొద్దు నాయనా, వీపు ఆనించుకో" అన్నాను. వరుస చివర ఎక్కడుందో నాకు కనిపించలేదు. సాయంత్రం దాకా నేను తల ఎత్తలేదు.